ఉత్తరం కింద మిగిలిన జాగా

షారోనూ, ఫోన్‌లో రికార్డు చేయకు. రికార్డు చేస్తే అందులోనే పడి ఉంటుంది, మళ్లీ వినవు. కాయితం తెచ్చుకో. నేను చెప్తుంటే చేత్తో రాయి.

వచ్చే నెల నువ్వు మిలిటరీ నర్సింగుకు పోతున్నావు. అదే పని ఇరవై తొమ్మిదేళ్లు చేసి వచ్చిన అమ్మమ్మ ఇంట్లోనే ఉంది కదా, ఎట్లా ఉంటుందో చెప్పు, నాతోపాటు సెలెక్టయిన పిల్లలకు కూడా చూపిస్తాను అన్నావు. సరే. కానీ ఒక షరతు. నా మాటలను పుస్తకం తెలుగులోకి సాఫు చేసుకుంటావో, కొట్టేసి రాసుకుంటావో నీ ఇష్టం. మిగతా వాళ్ల మాటలు మాత్రం ముట్టుకోవద్దు. వాళ్లు ఎట్లా అన్నారో అట్లాగే రాయి. ఎందుకంటున్నానో చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఏ ఏడు ఏ ర్యాంకు వచ్చిందో, భుజం మీద ఎన్ని నక్షత్రాలు పెరిగాయో చెప్పను. అవి గోడమీది ఫోటోలో కనబడుతూనే ఉన్నాయి, లెక్కపెట్టుకో.

చప్పట్లు

నేను దేశభక్తితో పోయానని ఎవరైనా అంటే నమ్మకు. ఇక్కడే మెదక్‌లో నర్సింగు చదివాను. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో లేచి, "నా బిడ్డను సేవకు వాడుకో ప్రభువా" అని అందరికీ వినబడేట్టు ప్రార్థన చేసేది. ఎవరి సేవకో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మిలిటరీ వాళ్లు పిలిచారు, పోయాను. ఉద్యోగం కావాలి, పోయాను. అంతే.

మొదటిసారి లీవు మీద వచ్చినప్పుడు అయ్యగారు, అంటే మా పాస్టరు, నన్ను ముందుకు పిలిచి నిలబెట్టి చర్చి మొత్తం చేత చప్పట్లు కొట్టించారు. ఓహో, నేను చేసింది త్యాగమన్నమాట అని అప్పుడే తెలిసింది. నీకూ కొట్టిస్తారు చూడు. కొట్టనియ్యి. ఆ చప్పుడు చెవుల్లో పెట్టుకుని మాత్రం వార్డులోకి పోకు.

ఎందుకంటే నేను పోయాను. మొదటి ఏడాదే ఒక జవానుకు కాలు తీసేశారు. మత్తు దిగి దుప్పటి కింద తడుముకుంటున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మంచం పక్కనే నిలబడి ఏడ్చాను. ఆ పిల్లవాడు తన కాలు సంగతి వదిలేసి, "రో మత్ సిస్టర్, రో మత్" అని, ఏడవొద్దంటూ నా చెయ్యి నిమిరాడు. సర్జన్ మేజరు చూశాడు. నన్ను వరండాలోకి పిలిచి హిందీలో నెమ్మదిగా అన్నాడు: కాలు పోయింది అతనిది, ఏడవాల్సింది అతను, నువ్వు ఏడిస్తే నిన్ను ఓదార్చే డ్యూటీ కూడా అతనికే వేసినట్టు. పో, మొహం కడుక్కొని రా.

ఆ మేజరు నోటిదురుసు మనిషి, ఎవరికీ నచ్చేవాడు కాదు. నా సర్వీసులో నాకు పని నేర్పిన వాళ్లలో మొదటివాడు ఆయనే.

ఒక్క అడుగు ముందుకు

ఇష్టపూర్వకంగా అనే మాట అక్కడ నువ్వు రోజూ వింటావు. అదేమిటో ఒక హవల్దారు నాకు చెప్పాడు. పొట్టలో తూటా దిగి నెల రోజులు మా వార్డులో ఉన్నాడు. చాలా నవ్వించేవాడు. ఒకరోజు డ్రెస్సింగు మారుస్తూ, "మీరు వాలంటీరుగా పోయారట కదా" అన్నాను గొప్పగా. ఆయన నవ్వబోయి, కుట్లు లాగి, ఆగిపోయాడు.

"సాబ్ అడిగాడు, ఎవరు వస్తారని" అన్నాడు హిందీలో. "లైను మొత్తం ఒక్క అడుగు ముందుకేసింది. నేను ఒక్కణ్ణి వెనక నిలబడితే సాయంత్రం వాళ్లతో కూర్చుని రొట్టె ఎట్లా తింటాను సిస్టర్‌జీ? వేశాను అడుగు."

అంటే ఇష్టం లేదా అన్నాను.

"ఉంది. లేదు. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో ఇప్పుడు డాక్టరు కడుపు కోసి చూసినా దొరకదు."

అది నాకు నచ్చింది. అర్థం కూడా అయిందనుకున్నాను. కాలేదు.

పెద్ద మేడం నాలుగు వాక్యాలు

ఉత్తరాన కొండల కింద ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేశాను. వార్డులో ఎవరైనా పోతే వాళ్ల యూనిట్ నుంచి ఇంటికి కబురు పోతుంది, తర్వాత నల్లపెట్టెలో సామాన్లు పోతాయి. మా దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ఆ పెట్టెలో పైన, చివరి రోజుల్లో చూసుకున్న సిస్టరు చేతిరాతతో ఒక ఉత్తరం పెట్టేవాళ్లం, చనిపోయినవాడి సొంత భాషలో. తెలుగు తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. ఆంధ్ర వాళ్లైనా మనవాళ్లైనా ఆ ఉత్తరం నాకే వచ్చేది.

మేట్రన్‌ను మేము పెద్ద మేడం అనేవాళ్లం. ఆమె ఫైలులో ఆ ఉత్తరానికి నాలుగు వాక్యాలు ఉండేవి. మీ అబ్బాయి చివరిదాకా ధైర్యంగా ఉన్నాడు. బాధ పడకుండా వెళ్లిపోయాడు. దేశం కోసం ఇష్టపూర్వకంగా ప్రాణమిచ్చాడు. మీరు గర్వపడాలి. పైన పేరు, కింద మన సంతకం. బాధలు రాయొద్దు, ఫిర్యాదులు రాయొద్దు, సర్వీసుకు ఎదురు పోయే మాట ఏదీ రాయొద్దు.

"ఈ కాయితం మీద వాళ్లు ముసలితనం దాకా బతకాలి సిస్టర్" అనేది హిందీలో. చెడ్డ మనిషి కాదు. ఎవరు పోయినా ఆ రోజు అన్నం ముట్టేది కాదు.

మొదట్లో రాయడానికి గంట పట్టేది. తర్వాత పది నిమిషాలు. చివరికి ఎట్లా అయిందంటే, కాయితం ముందు పెట్టుకుంటే చాలు, చెయ్యే రాసుకుపోయేది.

జయరాజ్

ఒక మధ్యాహ్నం కొత్తగా వచ్చిన ఒక డ్రైవరు కేసు షీటు చూస్తుంటే మెదక్ అని కనిపించింది. ఊరు హవేలిఘనపూర్ పక్కన. పేరు జయరాజ్. కొండ దారిలో బండి మీద ఫిరంగి గుండు పడింది. ఛాతీ నిండా ముక్కలు. ఇరవై నాలుగేళ్లుంటాయి.

"బాబూ, మాదీ మెదకే" అన్నాను.

కళ్లు తెరిచి నన్ను పైనించి కిందికి చూశాడు. "మెదకా? మరి గట్ల మాట్లాడ్తరేంది సిస్టరమ్మా, రేడియోల వార్తలు జదివినట్టు?"

అంత నొప్పిలో వాడికి నా తెలుగే దొరికింది ఎగతాళికి. ఆ రోజు నుంచి వాడి మంచం దగ్గర మన మాటే మాట్లాడాను. పదకొండు రోజులు ఉన్నాడు. వరి కోతకు వచ్చిందా, మన పెద్ద చర్చిలో ఈసారి క్రిస్మస్‌కు ఎంతమంది వచ్చారు, ఇవే ముచ్చట్లు. పచ్చిపులుసు తాగాలని ఉందన్నాడు. వంటవాళ్లు పంపిన ఉప్మా చూసి, "గీ ఉప్మా బార్డర్ల వెడితే సాలు సిస్టరమ్మా, అటు దిక్కోళ్లు ఆల్లే పారిపోతరు" అన్నాడు.

తొమ్మిదో రోజు డ్రెస్సింగు చేస్తున్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఉన్నట్టుండి, "ఒక ముచ్చట ఇంటికి రాస్తరా?" అన్నాడు.

"నువ్వే రాస్తవ్ తియ్యి, జర లేసి కూసున్నంక."

"లేసుడు మీకెర్కే, నాకెర్కే. ఇనుండ్రి. మా అవ్వకు రాయుండ్రి. మా తమ్ముడున్నడు, ప్రేమ్‌రాజ్. నా యూనిఫాం జూసి వాడు గూడ వస్తనని ఎగుర్తుండు. వాన్ని పంపొద్దని రాయుండ్రి. ఇంటికి ఒక్కడు సాలు."

"నువ్వు ఇష్టం లేకనే వచ్చినవా మరి?"

"లే, ఇష్టంతోనే వచ్చిన. అవద్దమెందుకు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాది నేనిచ్చిన. వానిది నేనియ్య."

"రాస్త" అన్నాను.

"గిట్లనే రాయుండ్రి."

"గిట్లనే రాస్త బిడ్డా."

రెండు రోజుల తర్వాత పోయాడు. ఆ రోజు వార్డులో ఇంకో ఇద్దరు పోయారు. నల్లపెట్టె సర్దారు. కాయితం ముందు పెట్టుకున్నాను. చెయ్యి రాసుకుపోయింది. మీ అబ్బాయి చివరిదాకా ధైర్యంగా ఉన్నాడు.

నాలుగో వాక్యం అయ్యాక వాడి మాట గుర్తొచ్చింది. అబద్ధం చెప్పను, గుర్తొచ్చింది. సర్వీసుకు ఎదురు పోయే మాట కదా అనుకున్నాను. కొడుకు పోయిన తల్లికి ఇదొక మంట ఎందుకు అనుకున్నాను. సంతకం పెట్టి పెద్ద మేడం దగ్గరికి తీసుకుపోయాను. ఆమె ఎప్పటిలాగే పైనుంచి కిందికి చూసి తల ఊపింది.

షారోనూ, ఇది బాగా రాయి. పెద్ద మేడంకు తెలుగు రాదు. ఒక్క అక్షరం రాదు. నేను వాడి మాట రాసి ఉంటే ఆమెకు ఎన్నటికీ తెలిసేది కాదు. ఎవ్వరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు.

నెత్తి మీద చెయ్యి

ఆ ఏడు క్రిస్మస్‌కు లీవు దొరికింది. చర్చిలోంచి బయటికి వస్తుంటే ఒకామె ఎదురొచ్చి నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. జయరాజ్ తల్లి సాలమ్మ. నా వయసే ఉంటుంది. పక్కన పొడుగ్గా, మీసం సరిగా రాని పిల్లవాడు. అన్న ముక్కే, అన్న నవ్వే.

"మీ ఉత్తరం అయ్యగారు చర్చిల సదివిండు సిస్టరమ్మా" అంది. "ప్రభువు లెక్కనే నీ కొడుకు ఇష్టంగ ప్రాణం వెట్టిండని చెప్పిండు. ఒక్కరు గూడ ఏడ్వకుంట లేరు. గది ఇన్నంక వీడు ఆగుతడా? నేను గూడ పోత అన్నడు. ఎల్లుండే ట్రెయినింగుకు పోతుండు. జర దీవించుండ్రి."

ప్రేమ్‌రాజ్ వంగి నిలబడ్డాడు.

అప్పుడు చెప్పొచ్చు. ఎల్లుండి అంటే ఇంకా రెండు రోజులు ఉంది. నోరు తెరిస్తే చాలు. కానీ చెప్తే, నేను జయరాజ్ మాట మింగేశానని చెప్పాలి. చుట్టూ మంది ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు, ఆ చప్పట్లు కొట్టిన వాళ్లే. నేను వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను.

రూలు వల్ల కాదు. సిగ్గు వల్ల. నా ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో సూదులు తప్పుగా వేశాను, ఒకసారి వేరేవాళ్ల రక్తం సీసా ఎక్కించబోయి దేవుడి దయవల్ల చూసుకున్నాను. అవన్నీ ఒకెత్తు. ఇది ఒకెత్తు.

చేరిన ఐదో ఏట ప్రేమ్‌రాజ్ మందుపాతర మీద అడుగేశాడు. కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. తిరిగొచ్చి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. నేను రిటైరై వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర నన్ను చూడగానే పెట్టుడు కాలు దగ్గరికి లాక్కొని, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టేవాడు. "జై హింద్, మేడం!" నువ్వు చిన్నప్పుడు చూసి నవ్వేదానివి. నేను కూడా తల ఊపేదాన్ని. ప్రతి ఆదివారం. పద్నాలుగేళ్లు.

సాలమ్మ ఇంట్లో

మొన్న గుడ్ ఫ్రైడేకు ముందు ఇప్పటి అయ్యగారు ఇంటికొచ్చారు, నువ్వే టీ ఇచ్చావు. సిలువ మీద ప్రభువు అన్న ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు కదా, ఒక మాట నన్ను తీసుకోమన్నారు. "సైనికుల త్యాగం ఉదాహరణ చెప్పుండ్రి అమ్మా. ప్రేమ్‌రాజన్నను ముందు కుర్చీల కూసోబెడ్తం. మస్తుగుంటది."

అదే వారం నీకు కాల్ లెటర్ వచ్చింది. నువ్వు దాన్ని పట్టుకుని ఇల్లంతా గంతులేశావు. నీ మొహంలో నాకు మీసం సరిగా రాని ఆ పిల్లవాడు కనిపించాడు.

మర్నాడు పొద్దున ఒక్కదాన్నే సాలమ్మ ఇంటికి పోయాను. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "రాండ్రి సిస్టరమ్మా, మీరే వచ్చిన్రేంది, కబురు వెడితే నేనే వస్తుంటి గద" అంటూ కుర్చీ వేయబోయింది. నేను కింద కూర్చున్నాను. చెప్పాను. జయరాజ్ అన్నది అన్నట్టు చెప్పాను.

తుంచడం ఆపలేదు. ఇంకో నాలుగు కాయలు తుంచింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"వాని నెత్తి మీద చెయ్యి వెట్టినవ్ గద గప్పుడు?"

అప్పటిదాకా మీరు అన్న మనిషి, నువ్వు అంది.

"పెట్టిన."

"ఏమని ప్రార్థన చేసినవ్?"

"కాపాడమని."

"నువ్వు కాపాడేదుండె. దేవునికెందుకు అప్పజెప్పినవ్?"

నేను ఏడవలేదు. మేజరు చెప్పింది ఆ రోజు పనికొచ్చింది.

లోపలికి పోయి బైబిలు తెచ్చింది. అందులో ప్లాస్టిక్ కవరు, కవరులో నా ఉత్తరం. మడతల దగ్గర చినిగితే టేపు వేయించింది. ఆమెకు చదువు రాదు. ఇరవై ఏళ్ల పైగా ఎవరెవరి చేతనో చదివించుకుని విన్న కాయితం అది. నేలమీద పరిచి వేలితో చూపించింది. నాలుగు వాక్యాలు, సంతకం, దాని కింద సగం కాయితం ఖాళీ.

"కింద జాగా ఉన్నది. రాయి."

"సాలమ్మా..."

"నీ ముచ్చట రాయకు. మాఫీ గీఫీ రాయకు. వాడు ఎట్లన్నడో గట్ల రాయి."

రాశాను. అక్షరాలు పెద్దవీ చిన్నవీ పడ్డాయి. తమ్మున్ని పంపొద్దు. ఇంటికి ఒక్కడు సాలు. నాది నేనిచ్చిన, వానిది నేనియ్య. చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. రెండోసారి ఆమె పెదవులు నాతోపాటు కదిలాయి.

మధ్యాహ్నం అన్నానికి ప్రేమ్‌రాజ్ వచ్చాడు. నన్ను చూసి సెల్యూట్ కొట్టబోతే తల్లి అడ్డం వచ్చింది.

"మీ అన్న ఉత్తరమొచ్చింది కొడుకా. సదువు."

నిలబడే చదివాడు. గోడ పట్టుకుని మళ్లీ చదివాడు.

"గిది అన్న ఎప్పుడన్నడు మేడం? నేను పోకముందా?"

"పోకముందు."

"మీకు ఎర్కనే ఉండెనా, మీరు ప్రార్థన చేసినప్పుడు?"

"ఎర్కే."

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"గీ మాట సదివినా నేను పోతుంటినేమో మేడం. నాకప్పుడు గంత పట్టుదల ఉండె. కాని, తెలిసి పోతుంటి. గప్పుడు గది నా ఇష్టమైతుండె."

కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బైబిల్లో పెట్టలేదు. అన్నం తినకుండా షాపుకు పోయాడు.

తోట

అయ్యగారికి ఫోన్ చేసి, మాట్లాడతాను కానీ ఆ ఉత్తరం మొత్తం చదువుతానన్నాను. మొదటిది చదివింది మన చర్చిలోనే కదా, మిగతా సగం కూడా అక్కడే చదవాలి అన్నాను. సిలువ ఎక్కే ముందు తోటలో ప్రభువు మోకాళ్లూని, వీలైతే ఇది తప్పించమని అడిగాడు, ఆ సంగతి కూడా చెప్తానన్నాను. ఏటా మనం ఆ తోటను రెండు ముక్కల్లో దాటేసి సిలువ దగ్గరికి ఉరుకుతాం. వద్దు అనిపించినవాడే, అన్నీ తెలిసినవాడే సరే అన్నాడు. ఆ వద్దును కొట్టేసి సరేను ఒక్కదాన్నే చదివితే అది త్యాగం కాదు, మనకు కావలసిన కథ. నేను చేసింది అదే, నాలుగు వాక్యాల్లో.

"పండుగ పూట గవన్ని ఎందుకమ్మా, మంది పరేషాన్ అయితరు" అన్నారు. నా మాట ఇంకొకరికి ఇచ్చారు. ఆయన త్యాగం గురించి చాలా బాగా మాట్లాడాడు. ముందు కుర్చీ ఖాళీగానే ఉంది.

నిన్ను పోవద్దని అనను షారోనూ. అనే హక్కు నాకు లేదు, అది నీది. అక్కడ నీ చేతికి కూడా ఏవో నాలుగు వాక్యాలు ఇస్తారు. ఇప్పుడు కంప్యూటర్లో ఉంటాయేమో, పేరు మారిస్తే చాలేమో. మంచం మీది మనిషి ఏమన్నాడో అదే పంపు. తల్లి తట్టుకోలేదని నువ్వు నిర్ణయించకు. సాలమ్మ తట్టుకుంది. తట్టుకోలేనిది నేను.

మొన్న ఆదివారం చర్చి మెట్ల దగ్గర ప్రేమ్‌రాజ్ ఎదురుపడ్డాడు. నేను ఆగాను. ఆయన పక్కకు తప్పుకొని, పెట్టుడు కాలు ఈడ్చుకుంటూ లోపలికి పోయాడు. చెయ్యి లేవలేదు.

ఎందుకాపావు?

"గిది గూడ రాయాల్నా అమ్మమ్మా? అక్కడి పిల్లలందరు సదువుతరు."

"రాయి బిడ్డా. నేను ఎట్ల జెప్పిన్నో గట్ల."